బేసిన్‌లో కలిపిన మందు

మార్చి 4

మా మొసళ్ళ ఫారంలో టికెట్ల కిటికీ దగ్గర పని నాకివ్వనన్నాడు మేనేజరు. ఎందుకని అడిగాను. కాగితాలు సర్దుకున్నాడు. మళ్ళీ అడిగాను.

"లోపలికొచ్చే జనం ముందు చూసేది మొసలిని కాదమ్మా, కిటికీలో మొహాన్ని" అన్నాడు.

పక్కన కూర్చున్న క్యాషియరు నవ్వు దాచుకోవడానికి మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు. వాడి గడ్డం కింద మాత్రం లేవా మొటిమలు? ఉన్నాయి, నా అంత కాకపోయినా. కానీ వాడు ఫ్యాను కింద కూర్చుంటాడు. నేను మోకాలి లోతు బురదలో నిలబడి మొసళ్ళకు కోడి కాళ్ళు విసురుతాను.

నా మొహం గురించి నాకు బాధేం లేదు. నాకు కావలసింది ఆ కుర్చీ.

మార్చి 7

ఈ రోజు అత్తగారి దగ్గర రక్తం తీశారు. సగం కన్ను మూసి అందర్నీ కనిపెట్టి ఉంటుందని ఆ పెద్ద ఆడ మొసలికి పొడుగు పెట్టిన పేరది. పొడుగు నాతోపాటు మడుగుల్లో పనిచేస్తాడు. ఎత్తుకు తగ్గ తెలివి లేదు గానీ చేతులు గట్టివి. నాకు మిరపకాయ్ అని పేరు పెట్టిందీ వాడే.

మడుగులన్నిటికీ పెద్ద అయిన బాబాయి పై దవడకు ఉచ్చు వేసి లాగాడు, పొడుగు తోక మీద పడ్డాడు, నేను వీపెక్కి కూర్చుని తడి గోనె దాని కళ్ళ మీద కప్పాను. మూతికి టేపు చుట్టాక డాక్టరమ్మ వచ్చి తల వెనక గుంటలో సూది దించింది. నా తొడల కింద దాని ఊపిరి ఆగి ఆగి కదిలింది. నా మోచెయ్యి దోక్కుపోయింది. ఎవరూ చూడలేదు.

ఈ డాక్టరమ్మ ఏదో పరిశోధన సంస్థ తరఫున వచ్చి మా ఫారం వెనక షెడ్డులో ల్యాబు పెట్టుకుంది. వచ్చిన దగ్గర్నుంచీ నాకు అనుమానమే. మొసలి రక్తంతో మొటిమల మందట. ఎవరి చెవిలో పువ్వు పెడుతోంది?

"ఇంత రక్తం ఏం చేసుకుంటారండీ?" అన్నాను.

గాజు గొట్టం ఎత్తి చూపించింది. కాసేపు నిలబెట్టి ఉంచాక ఎరుపు కిందికి దిగింది, పసుపు నీళ్ళు పైకి తేలాయి, రెంటికీ మధ్య మీగడ కన్నా పల్చటి తెల్ల పొర. అంత జంతువు నుంచి అంత పొర.

"నాకు కావలసింది ఈ తెల్ల కణాలు. మొసళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుని మురికి నీళ్ళలోనే తిరుగుతాయి కదా, చీము పట్టిన పుండు ఎన్నిసార్లు చూశావు?"

చూసింది చాలా తక్కువ. ఆమెకు చెప్పలేదు. అడిగినవన్నీ చెబుతూ పోతే రేపు మనల్నే కోసి చూస్తారు.

"మొటిమలో క్రిమి ఉంటుంది" అంది. "కానీ ఆ ఎరుపు, వాపు, నొప్పి ఉన్నాయే, అవి చాలావరకు ఆ క్రిమిని చూసి ఒంటికొచ్చే కోపం. ఈ కణాల సారం క్రిమినీ ఆపుతోంది, ఆ కోపాన్నీ తగ్గిస్తోంది. అదంతా ల్యాబులో, గాజు పళ్ళేల్లో. మనిషి మొహం మీద ఏం చేస్తుందో చూడాలి."

నా ఒంటికి కోపం ఎక్కువట. ఇది చెప్పడానికి అంత చదువెందుకు, బాబాయిని అడిగినా చెప్పేవాడు.

మార్చి 11

మొటిమలున్న వాళ్ళు పేర్లివ్వమన్నారు. మడుగుల నుంచి, తోళ్ళ షెడ్డు నుంచి, ఆఫీసు నుంచి. పొడుగు ఇచ్చాడు. మేత గదిలో కోళ్ళు నరికే అక్క కూడా ఇచ్చింది, ఇద్దరు పిల్లలు పుట్టినా ఈ మొటిమలు మాత్రం పుట్టింటి నుంచి వెంటపడి వచ్చాయంటుంది. నేనూ ఇచ్చాను. వీళ్ళేం చేస్తున్నారో లోపలికెళితేనే తెలుస్తుంది కాబట్టి ఇచ్చాను. అంతే.

అందరూ కాగితం చివర సంతకం పెట్టారు. నేను మొదటి నుంచీ చదివాను. ఆరో తరగతిలో బడి మానేసినా, పొట్లాలు కట్టిన పేపర్లు విప్పి చదువుకున్నదాన్ని, చదవకుండా దేనికీ సంతకం పెట్టను. మూడో పేజీలో దొరికింది. సగం మందికి మొసలి సారం కలిపిన జెల్లు, సగం మందికి ఉత్త జెల్లు. ఎవరికేది వచ్చిందో ఎవరికీ తెలియనివ్వరు.

"మీకు తెలుస్తుంది కదా" అన్నాను డాక్టరమ్మతో.

"నాకూ తెలీదు. ట్యూబులు నింపి నంబర్లు వేసింది వేరే ఊళ్ళో వేరే వాళ్ళు. ఏ నంబరు ఏదన్నది సీలు వేసి ఉంది."

"కూర వండినావిడకు ఉప్పేసిందీ లేనిదీ తెలీదంటే నమ్మమంటారా?"

అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు. నన్ను పనిలో పెట్టింది ఆయనే.

"మా మడుగుల వాళ్ళకు నేను పూచీ డాక్టరమ్మగారూ. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు" అన్నాడు.

ఎవరడిగారు ఈయన్ని పూచీ?

మార్చి 13

ట్యూబులిచ్చారు. నంబరు తప్ప ఏమీ లేదు దాని మీద. పొద్దున, సాయంత్రం రాసుకోవాలి. నాది ఉత్తదే అయి ఉంటుంది. నా రాత తెలిసిందేగా.

మార్చి 19

ఎడమ బుగ్గ మీద పెద్దది, దిండు తగిలితే ప్రాణం లేచొచ్చేది, నొప్పి తగ్గింది. ఈ మధ్య నూనె వస్తువులు తినడం మానేశాను. అందుకు.

మార్చి 22

ఎరుపు కూడా తగ్గింది. రెండు రోజులుగా మబ్బేసింది కదా.

మార్చి 24

జీతాల కాగితం కోసం ఆఫీసుకెళ్ళాను. క్యాషియరు గడ్డం నున్నగా ఉంది. అద్దం పెట్టుకుని మరీ చూసుకుంటున్నాడు.

"ఏం రాస్తున్నావయ్యా?" అన్నాను.

"అందరికీ ఇచ్చిందే" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. ఫ్యాను కింద వాళ్ళకు అసలుది, బురదలో వాళ్ళకు ఉత్తది. మొసలి వీపెక్కేది నేను. మోచెయ్యి దోక్కుపోయేది నాకు. గడ్డం నున్నబడేది వాడికి. ఎవరికీ తెలీదట! ఎవరికీ తెలీదన్న మాట ఎక్కడ విన్నా ఎవడికో బాగా తెలుసని అర్థం.

మార్చి 26

మేత గదిలో ఈ మాటే ఎత్తాను. అక్క కత్తి ఆపకుండా విన్నది.

"మరీ అందరికీ ఉత్తదే ఇచ్చి ఉండరే. మనలో ఒకరిద్దరికైనా అసలుది వచ్చి ఉంటుంది" అంది.

"ఎవరికి?"

"అది తెలిస్తే ఈ కోళ్ళతో నాకేం పని?"

అప్పుడు తట్టింది నాకు. అన్నీ కలిపేద్దాం అన్నాను. ట్యూబులన్నీ ఒక్కచోట పిండి, కలిపి, సమానంగా పంచుకుందాం. ఎవరికి అసలుది వచ్చినా అందరికీ కాస్త అందుతుంది.

"నాదే అసలుదైతే? నీ మొహానికి నేనెందుకు దానం చెయ్యాలి?" అన్నాడు పొడుగు.

"నీది ఉత్తదైతే?"

పొడుగు ఆలోచించాడు. వాడు ఆలోచిస్తే బయటికి కనిపిస్తుంది. ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు.

అక్క మేత బేసిను సబ్బుతో తోమింది. మిగతా మడుగుల వాళ్ళు వచ్చారు, తోళ్ళ షెడ్డు వాళ్ళను నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. ట్యూబులన్నీ పిండి గరిటెతో తిప్పాం. కలుపుకుంటే ఎవరికీ అన్యాయం జరగదని అందరికీ వినపడేలా చెప్పాను. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. చిన్న డబ్బాల్లోకి నా చేత్తోనే పంచాను, ఎక్కువా తక్కువా లేకుండా.

"కోడి వాసనొస్తోందక్కా. రేపు అత్తగారు నా బుగ్గ కొరికితే?" అన్నాడు పొడుగు.

"కొరకనీరా, ఒక మొటిమ తగ్గుతుంది" అంది అక్క.

కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. ఈ ఫారంలో అడుగుపెట్టాక ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఖాళీ ట్యూబులు ఎవరివి వాళ్ళం దాచుకున్నాం, పరీక్ష రోజు చూపించాలి కదా.

బాబాయికి చెప్పొద్దన్నాను అందరితో.

ఏప్రిల్ 5

డాక్టరమ్మ ఫొటోలు తీసింది. ఎరుపు కొలిచే మిషను బుగ్గకు ఆనించింది. ఖాళీ ట్యూబులు చూసి, "మడుగుల వాళ్ళే అందరికన్నా క్రమంగా రాసుకుంటున్నారు" అని మెచ్చుకుంది. బాబాయి మీసం సవరించుకున్నాడు. నేను చెప్పుల బురద గీక్కున్నాను.

కొత్త ట్యూబులిచ్చింది. మళ్ళీ బేసిను.

ఏప్రిల్ 12

ఎడమ బుగ్గ మీద మళ్ళీ లేచాయి. పొడుగు మొహం మాత్రం కాస్త తేటపడింది. డాక్టరమ్మ సరుకు మార్చి ఉంటుంది. కొత్త జెల్లు పల్చగా ఉంది.

ఏప్రిల్ 13

పల్చగానే ఉంది.

ఏప్రిల్ 26

ఈసారి డాక్టరమ్మ నా బుగ్గను రెండుసార్లు కొలిచింది. పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన పెట్టి చూసుకుంది.

"రోజూ రాస్తున్నావా?"

"రాయకపోతే ట్యూబు దానంతటదే ఖాళీ అవుతుందా?" అన్నాను.

ఇంకేమీ అనలేదు. ఏమీ అనని వాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి.

మే 6

అందర్నీ ల్యాబు షెడ్డుకు పిలిచారు. మేనేజరుకు కుర్చీ వేశారు. మిగతా అందరం నిలబడ్డాం.

"రెండు గుంపులకూ కొంచెం తగ్గింది" అంది డాక్టరమ్మ. "అసలు మందు గుంపుకీ ఉత్త జెల్లు గుంపుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే మందు వల్లే తగ్గిందని చెప్పలేం."

"పని చెయ్యలేదంటారు" అన్నాడు మేనేజరు.

"ఈ లెక్క ప్రకారం... చెయ్యలేదు."

"అయితే షెడ్డు నెలాఖరుకి ఖాళీ చేస్తే తోళ్ళు ఆరేసుకుంటాం."

ఎవరెవరికి ఏది వచ్చిందో తెలుసుకునే హక్కు మీకుందని చెప్పి, డాక్టరమ్మ ఒక కవరు తీసి అందులోని కాగితం చదవడం మొదలుపెట్టింది. లెక్కలు కట్టే వాళ్ళు పేర్లు పంపడం ఈ పొద్దునేనట. క్యాషియరుది ఉత్తది.

"ఉత్తదా! మరి నాకెలా పోయాయండీ?" అని అరిచాడు.

"కొంతమందికి వాటంతటవే తగ్గుతాయి. అది తెలుసుకోవడానికే ఉత్తది కూడా పెడతాం."

పొడుగుది ఉత్తది. అక్కది ఉత్తది. వేలు పెట్టుకుని ఒక్కొక్క పేరే చదువుతోంది. ఒకచోట వేలు ఆగింది. నన్ను చూసింది, కాగితం చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"నీది అసలుది" అంది.

ఆ మొహం నేను చూశాను. మనిషి అబద్ధమాడితే మొహంలో పట్టేస్తానని నాకు గర్వం. అది అబద్ధం మొహం కాదు. తనకే నమ్మకం కుదరని మొహం. ఆమెకు తెలీదు. మొదటి రోజు నుంచీ నిజంగానే తెలీదు.

బయటికొచ్చాక పొడుగు నా పక్కన నడిచాడు. "నీ మందు నాకు పట్టింది మిరపకాయ్. చచ్చి నీ కడుపున పుడతా" అన్నాడు. జోకే. చెయ్యెత్తి, దించేశాను.

అసలుదీ ఉత్తదీ ఒకే బేసిన్‌లో కలిపి అందరం రాసుకుంటే రెండు గుంపులకూ తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?

మే 7

నా తప్పేం లేదు. ముందే వివరంగా చెప్పాల్సింది వాళ్ళు.

మే 8

చెప్పారు. మూడో పేజీలో.

మే 10

మేనేజరు పిలిపించాడు. కిటికీలో కూర్చునే ఆవిడ మానేస్తోందట. నా మొహాన్ని అటు తిప్పమని, ఇటు తిప్పమని చూశాడు, సంతలో పశువును చూసినట్టు.

"ముందుకన్నా నయమే. ఒకటో తారీఖు నుంచి వచ్చి కూర్చో. పౌడరు గట్టిగా వేసుకో" అన్నాడు.

ఊఁ అన్నాను.

వచ్చే దారిలో ఆ కిటికీ దగ్గర ఆగి లోపలికి చూశాను. మెత్తటి కుర్చీ. చిన్న ఫ్యాను. పాదాలు పెట్టుకోవడానికి అడ్డచెక్క. తడి లేదు ఎక్కడా.

డాక్టరమ్మ షెడ్డులో అట్టపెట్టెలు కట్టడం వినిపిస్తోంది. ఆమె ఓడిపోయిందని అనుకుంటోంది. అనుకోనీ. ఆమె నాకేమైనా చుట్టమా?

మే 11

ఆమె నాకు చుట్టం కాదు.

మే 12

బాబాయి మడుగు గట్టు మీద కూర్చుని తాడు ముడులు సరిచూస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"బాబాయ్, మేం మందులన్నీ కలిపేసి పంచుకున్నాం."

తాడు మీద చేతులు ఆగాయి. "ఎవరి ఆలోచన?"

"నాది."

"పొడుగుదని చెప్పినా నమ్మేవాణ్ణి కాదులే." వేసిన ముడి విప్పి మళ్ళీ వేశాడు. "నేను పూచీ ఇచ్చాను కదే."

"ఇచ్చే ముందు మమ్మల్ని అడిగావా?"

అందులో తప్పు మాట లేదు. అయినా అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం వాడిపోయింది.

"అడగలేదు" అన్నాడు. తర్వాత, "డాక్టరమ్మకు చెబితే మేనేజరుకు తెలుస్తుంది. నీ కుర్చీ పోతుంది."

"తెలుసు."

"మరి?"

"తెలుసన్నానుగా బాబాయ్, మళ్ళీ మళ్ళీ అడగకు. మళ్ళీ అడిగితే మానేస్తానేమో."

లేచి తాడు భుజాన వేసుకున్నాడు. "పద అయితే. ఇద్దరం పోదాం."

మే 13

నిన్నటిది నిన్న రాయలేకపోయాను.

డాక్టరమ్మ సీసాలకు కాగితం చుడుతోంది. నిలబడే చెప్పాను. సాగదీయలేదు. బేసిను, గరిటె, డబ్బాలు, ఖాళీ ట్యూబులు.

మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత సీసాను ఎంత గట్టిగా పెట్టిందంటే అడుగు చిట్లింది.

"ఎందుకు?"

"మాకు ఉత్తది ఇచ్చారనుకున్నాం."

"నన్నడగొచ్చు కదా!"

"అడిగాను. తెలీదన్నారు. నమ్మలేదు."

"తప్పు నాదండీ, నేను సరిగ్గా..." అని బాబాయి మొదలుపెట్టాడు.

"మీరాగండి, తననే చెప్పనీయండి." పక్కనున్న అట్టపెట్టెను కాలితో తోసేసింది. అంత కోపం నాకొక్కదానికే ఉంటుందనుకునేదాన్ని. "ఆ మొసలిని కట్టి పడేసి రక్తం తీసినప్పుడల్లా దాని మీద కూర్చున్నది నువ్వే కదా? ఆ రక్తమంతా తీసుకెళ్ళి కోళ్ళ బేసిన్‌లో పోశావు."

చిట్లిన సీసాను తీసి పక్కన పెట్టాను.

"అది పని చేసిందండీ. కలపక ముందు. నొప్పి పోయింది, ఎరుపు పోయింది" అన్నాను.

"నీ ఒక్కదాని మాట లెక్కలోకి రాదు. క్యాషియరుకు ఉత్తదానితోనే తగ్గింది."

"అదీ నిజమే."

స్టూలు లాక్కుని కూర్చుంది. అలా కూర్చుంటే నాకన్నా పెద్ద వయసేం కాదనిపించింది. పెన్ను తీసింది.

"ఓడిన పరీక్ష వేరు, పాడైన పరీక్ష వేరు. పాడైందని రాస్తాను, మళ్ళీ చెయ్యనివ్వమని అడుగుతాను. ఎవరెవరు కలిపారు?"

"నా పేరు రాసుకోండి. మిగతా వాళ్ళు వాళ్ళే వచ్చి చెబుతారు."

"వస్తారా?"

"తెలీదు."

మే 14

వెళ్ళారు. అక్క చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళింది. పొడుగు దారంతా నన్ను తిట్టుకుంటూ వెళ్ళాడు. నీ నోటికి ఆ మొసలి టేపు చుట్టాలే అన్నాడు. అయినా వెళ్ళాడు.

మే 16

"నిన్నా నేను కిటికీలో కూర్చోబెట్టబోయింది!" అన్నాడు మేనేజరు. క్యాషియరు ఈసారి గ్లాసు ఎత్తలేదు, బాహాటంగానే నవ్వాడు. కుర్చీ తోళ్ళ షెడ్డు పెద్దాయన కోడలికి ఇచ్చారు. ఆ పిల్ల మొహం నున్నగా ఉంటుంది. లెక్కలు రావు.

జులై 2

డాక్టరమ్మకు పైనుంచి అనుమతి వచ్చింది. తోళ్ళు ఆరేసుకోవడానికి వేరే షెడ్డు చూసుకున్నారు.

ఈ రోజు అత్తగారిని మళ్ళీ ఒడ్డుకు లాగాం. డాక్టరమ్మ నన్ను రావద్దంటుందేమో అనుకున్నాను. అనలేదు. పలకరించనూ లేదు. సూది పట్టుకుని నా మోకాలి పక్కన కూర్చుంది.

"కదలకుండా పట్టుకో."

"పట్టుకునే ఉన్నా."

అంతే మా ఇద్దరి మాటలు.

ఆగస్టు 9

కొత్త గుంపుకు ట్యూబులిచ్చారు. తోటపని వాళ్ళు, గేటు వాళ్ళు. మడుగుల వాళ్ళను, తోళ్ళ షెడ్డు వాళ్ళను ఈసారి చేర్చుకోలేదు. నా మొహం మళ్ళీ మొదటికొచ్చింది. బాధేం లేదని రాయబోయాను. ఉంది. ఆ ట్యూబుల పెట్టె షెడ్డులోకి మోసింది నేనే, ఒక్కటి తీసుకున్నా ఎవరికీ తెలిసేది కాదు.

సాయంత్రం తోటపని అమ్మాయి కుళాయి దగ్గర నన్ను పట్టుకుంది. నా ఈడుదే. గడ్డం నుంచి చెవి దాకా ఎర్రగా పొంగి ఉంది.

"మీ మడుగుల వాళ్ళకు తెలిసే ఉంటుంది. ఇది అసలుదా, ఉత్తదా?"

"ఎవరికీ తెలీదు. డాక్టరమ్మకు కూడా."

"చెప్పడం ఇష్టం లేదని చెప్పు, పోతుంది." ట్యూబు మూత తిప్పుతూ అటూ ఇటూ చూసింది. "గేటు వాళ్ళకు మంచిది ఇచ్చారట. మేమంతా ఒకటనుకున్నాం, అన్నీ కలిపి..."

ట్యూబు లాక్కున్నాను. మూత గట్టిగా బిగించి ఆమె సంచిలో పడేశాను.

"నీది నీ మొహానికే రాసుకో. ఎవరికీ ఇవ్వకు, ఎవరిదీ తీసుకోకు."

"ఉత్తదైతే?"

"ఉత్తదైనా."

నన్ను కిందికీ పైకీ చూసింది. "నువ్వూ ఆ ల్యాబు వాళ్ళ మనిషివే" అని వెళ్ళిపోయింది.

ఒళ్ళు మండిపోయింది. నన్ను! ఆ మాట నన్ను! కుళాయి కట్టేసి వెనకే తోట దాకా వెళ్ళాను. అందరూ గుండ్రంగా కూర్చుని ఉన్నారు, మధ్యలో మొక్కలకు నీళ్ళు పోసే బకెట్టు, కడిగి తుడిచి పెట్టారు. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. మేత గదిలో మేమేం చేశామో మొదటి నుంచీ చెప్పాను. చప్పట్లు కొట్టారని కూడా చెప్పాను. నాది అసలుదని చెప్పాను. కుర్చీ సంగతి చెప్పలేదు, అది వాళ్ళకనవసరం.

నమ్మినట్టు ఒక్క మొహంలోనూ కనిపించలేదు. చీకటి పడుతోందని ఒకామె లేచింది, తర్వాత ఇంకొకామె. ట్యూబులు ఎవరివి వాళ్ళ సంచుల్లోనే ఉన్నాయి. వాళ్ళంతా గేటు దాటేదాకా ఆ బకెట్టు మీంచి లేవలేదు నేను.